సున్నా కూడా లెక్కే

యలహంక అవతల గురప్ప మామిడితోట. మబ్బుతునకైనా లేని జనవరి ఎండలో ఒక మనిషి గొడుగును తలకిందులుగా పట్టుకుని, పూత మీద కట్టెతో తడుతున్నాడు.

గురప్ప కూతురు భాగీరథికి ఒళ్ళు మండింది. పరిగెత్తుకెళ్ళి గొడుగు లాగింది. అతను వదల్లేదు. ఆ పెనుగులాటలో ఆమె గాజులు రెండు పగిలి, గొడుగులో తిరుగుతున్న చీమల మధ్య, సాలీళ్ళ మధ్య పడ్డాయి.

"పూతంతా రాలగొడతా ఉండావే, ఎవరప్పా నువ్వు?"

"పూతలో ఏమేం పురుగులుండాయో లెక్క పెడతా ఉండాను. అగ్రికల్చర్ కాలేజీ రీసెర్చ్. పర్మిషన్ ఇచ్చింది మీ నాయనే." గాజుముక్కల వంక చూసి, "రెండూ నాలుగు సైజు," అన్నాడు.

"ఏంది?"

"మీ చెయ్యి. బళేపేటలో మాది గాజులంగడి. వచ్చే వారం కొత్తవి తెచ్చిస్తాను."

పేరు నంజప్ప. అంగట్లో కూర్చోమంటే ఈగల వెంట పడ్డాడని వాళ్ళింట్లో మంచి పేరే ఉంది.

మరుసటి శనివారం వచ్చాడు, గాజులు మర్చిపోయి. ఒక్కడే తట్టి, ఒక్కడే పట్టుకుంటే సగం పురుగులు ఎగిరిపోతున్నాయని గొడుగు ఆమె చేతికిచ్చాడు. ఆ తర్వాత ప్రతి శనివారం ఇదే వరస.

"ఇది జిగిహుళ, తేనెమంచు పురుగు. పూత రసమంతా పీల్చేస్తుంది. ఇది ఈగ, బంగారం."

"ఈగ బంగారమా? థూ."

"అది పువ్వుకీ పువ్వుకీ తిరిగితేనే కాయ కట్టేది. మామిడికి పెళ్ళిళ్ళ పేరయ్య అదే."

"మనుషులకో?"

నంజప్ప పెన్సిల్ జారి గొడుగులో పడింది. దాన్ని కూడా పురుగుల్లో కలిపి రాసుకున్నాడు. గాజుల మాట మాత్రం ఎత్తలేదు.

మార్చి వచ్చింది. పూత రాలిపోయి శనగగింజలంత పిందెలు కట్టాయి. ఉగాదికి హొసకోటె వాళ్ళు పిల్లను చూసేందుకు వస్తారని గురప్ప చెప్పాడు. భాగీరథికి అన్నం సయించలేదు. పూత లేకపోతే పురుగు లేదు, పురుగు లేకపోతే అతను రాడు. తోటలో పిందె నిండుగా పట్టిందని ఊరంతా సంతోషిస్తుంటే ఆ పిందెల్ని చూసి ఏడుపొచ్చింది ఆమె ఒక్కతెకే.

శనివారం మధ్యాహ్నం అతను వచ్చాడు. అదే గొడుగు, అదే కట్టె.

"పూతే లేదు కదా, ఏం లెక్క పెడతావు?" అంది, గొడుగు పట్టుకుంటూనే.

"సున్నా కూడా లెక్కే. ఏమీ లేదని రాయాలన్నా వచ్చి చూడల్ల కదా."

సంచిలోంచి టిఫిన్ డబ్బా తీశాడు. దూదిలో చుట్టిన పచ్చగాజులు. "రెండో వారం నుంచీ ఇందులోనే ఉండాయి. ఇచ్చేస్తే, పూత అయిపోయినాక వచ్చేకి ఇంకో నెపం ఉండదని దాచినా. ఈ పొద్దు నెపం వద్దనుకున్నా. భాగీరథీ, నువ్వంటే నాకిష్టం."

భాగీరథి ఒక చేత్తో గొడుగు పట్టుకుని రెండోది చాపింది. అతను తొడిగిన గాజులు ఇట్టే ఎక్కాయి.

"సున్నా లెక్కపెట్టేకి ఇద్దరు కావల్నా?"

వెనకాల గురప్ప. ఎప్పుడొచ్చాడో, అన్నీ విన్నట్టే ఉన్నాడు. నంజప్ప గబుక్కున కట్టె అందుకుని కొమ్మ మీద తట్టాడు. భాగీరథి గొడుగు వదల్లేదు. హొసకోటె సంబంధం ఇప్పుడే ఆగాలి, లేకపోతే ఇక ఆగదు.

"సున్నా కాదు నాయనా," అంది గొడుగు ముందుకు చాపుతూ. "ఒకటి ఉండాది, చూడు."

నల్లగుడ్డ మీద ఎర్రగా, గుండ్రంగా, చుక్కలతో ఒకే ఒక్క అక్షింతల పురుగు నడుస్తోంది.

గురప్ప దాన్ని చూశాడు. కూతురి చేతి పచ్చగాజులు చూశాడు. కట్టె పట్టుకుని నిలబడ్డ గాజులంగడి అబ్బాయిని చూశాడు. హొసకోటె వాళ్ళకి ఏం చెప్పాలా అని కాసేపు మీసం దువ్వుకున్నాడు.

"సరే. ఒకటి ఎట్లనో పడిపోయింది," అన్నాడు. "మిగతా అక్షింతలు పెద్దోళ్ళం మేమేస్తాంలే. ముందు ఆ గొడుగు మూయండి."