అన్నీ బాగున్నాయనే అబ్బాయి

కంకిపాడు బస్టాండులో మిరపకాయ బజ్జీ తింటూ ఏడుస్తున్న మనిషిని కృప అంతకుముందెప్పుడూ చూడలేదు.

ఆరడుగుల మనిషి. వీపు మీద పెద్ద బ్యాగు. కళ్ళ నుంచి నీళ్ళు, ముక్కు నుంచి నీళ్ళు, పైనుంచి వాన. అయినా ఇంకో బజ్జీకి చెయ్యి చాపుతున్నాడు.

"ఏమండీ, మలావీ నుంచి వచ్చింది మీరేనా?" గొడుగు కిందనుంచే అడిగింది.

"అవునండీ. బాబీ నా పేరు."

"నేను శౌరయ్యగారమ్మాయిని. నాన్న పంపించారు. ఎందుకండీ ఏడుస్తున్నారు?"

"బజ్జీ చాలా బాగుందండీ."

"బాగుంటే ఏడుస్తారా ఎవరైనా?"

"ఆయన అంత ఆప్యాయంగా పెడుతుంటే వద్దంటే బాధపడతాడు కదండీ," అన్నాడు బాబీ, చేత్తో ముక్కు తుడుచుకుంటూ.

బజ్జీల బండాయన బాధపడే స్థితిలో లేడు. కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. కృప తన గొడుగులో సగం ఇచ్చి, ఆ మనిషిని ఇంటికి నడిపించుకెళ్ళింది. దారిలో అతను రోడ్డు బాగుందన్నాడు. వాన బాగుందన్నాడు. బురదలో కాలు జారి మోకాలు గీరుకుపోతే, మట్టి చాలా మెత్తగా ఉందన్నాడు. వీడెవడ్రా బాబూ అనుకుంది కృప.

బాబీవాళ్ళ అమ్మానాన్నలు డాక్టర్లు. పెళ్ళైన కొత్తలోనే మిషన్ తరఫున మలావీ వెళ్ళి అక్కడే ఉండిపోయారు. బాబీ పుట్టింది, పెరిగింది అంతా అక్కడే. తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే. ఈ ఏడాది తనూ మిషనరీగా విజయవాడ వచ్చాడు. పటమటలో మిషన్ వాళ్ళ హాస్టల్ పిల్లలకి ఇంగ్లీషూ, ఫుట్‌బాలూ నేర్పడం పని. కృప తండ్రి శౌరయ్య కంకిపాడు మిషన్ ఆసుపత్రి చూసుకుంటారు. బాబీ తండ్రికి పాత స్నేహితుడు. "శనాదివారాలు ఆ హాస్టల్లో ఒక్కడివీ ఏం చేస్తావురా, మా ఇంటికి రా," అని ఫోన్ చేసి పిలిచింది ఆయనే.

కృప ఆ ఆసుపత్రిలోనే ల్యాబ్ టెక్నీషియన్. మనిషి చెప్పిన మాట కంటే మనిషి రక్తం చెప్పిన మాటే నమ్మడం ఆమెకి అలవాటు. స్వీట్లు ముట్టలేదని ప్రమాణాలు చేసిన పెద్దమనుషులందరి షుగరూ ఆమెకి తెలుసు.

ఆ రోజు మధ్యాహ్నం కృప తల్లి మాణిక్యమ్మ వంటగది మొత్తాన్ని టేబుల్ మీదికి తెచ్చింది. గోంగూర పచ్చడి, కాకరకాయ వేపుడు, ఎండురొయ్యలు వేసిన వంకాయ కూర. అన్నిటికీ మించి ఉలవచారు. ఉలవలు పొద్దున్నించి ఉడికించి, ఆ నీళ్ళు నల్లగా చిక్కబడేదాకా కాచి, పైన మీగడ వేసి తెచ్చింది. మిషన్ మొత్తంలో మాణిక్యమ్మ ఉలవచారంటే పేరు. ఆవిడ ముఖంలో ఆ సంగతి కనిపిస్తూనే ఉంటుంది.

శౌరయ్య ప్రార్థన మొదలుపెట్టారు. కంకిపాడుతో మొదలై ఆఫ్రికా ఖండం మొత్తం చుట్టొచ్చేసరికి అన్నం మీద ఆవిరి పోయింది.

"తిను బాబూ. ఎలా ఉంది గోంగూర?"

"చాలా బాగుందాంటీ."

"కాకరకాయ?"

"చాలా బాగుందాంటీ."

"ఉలవచారు?"

బాబీ ఒక్క గుక్క మింగాడు. కంఠం కిందికీ పైకీ కదిలింది. "చాలా, చాలా బాగుందాంటీ."

మాణిక్యమ్మ మురిసిపోయి ఇంకో రెండు గరిటెలు పోసింది. పాపం, అతని ఊళ్ళో కంచం ఖాళీ చేస్తే మర్యాద. ఇక్కడ కంచం ఖాళీ అయితే మళ్ళీ వడ్డించడం మర్యాద. రెండు మర్యాదల మధ్య పడి బాబీ ఆ సాయంత్రం దాకా మంచం దిగలేదు.

"ఎందుకండీ అంత తిన్నారు? చాలనొచ్చుగా?" వాము నీళ్ళు తెచ్చిచ్చి అడిగింది కృప.

"మా నాన్న రూల్ అండీ. ఎవరింటికెళ్ళినా పెట్టింది తినాలి, బాగుందనాలి. మొహం చిట్లిస్తే అమ్మ టేబుల్ కింద తొడపాశం పెట్టేది. మిషనరీల పిల్లలందరం అంతేనండీ."

"అక్కడ ఏం పెట్టేవాళ్ళు?"

"మొక్కజొన్న పిండి ముద్ద. చిన్న చేపలు. ఒక్కోసారి పొలాల్లో ఎలుకల్ని పట్టి, పుల్లకి గుచ్చి కాల్చి పెట్టేవాళ్ళు."

"ఎలా ఉండేవి?"

"చాలా బాగుండేవి."

"అంటే మా అమ్మ ఉలవచారూ, ఎలుకా ఒకటేనన్నమాట!"

బాబీ కంగారుగా లేచి కూర్చున్నాడు. అంత కంగారు ఆమె ఏ పేషెంటులోనూ చూడలేదు. నవ్వాపుకోలేక బయటికి పరుగెత్తింది.

ఆ తర్వాత ప్రతి శనివారం వచ్చాడు. వచ్చినప్పుడల్లా కృప ఏదో ఒకటి తినిపించి చూసేది. ఎలాగైనా ఒక్కసారి అతని నోటితో బాగోలేదనిపించాలని పంతం. పుల్లటి చింతచిగురు నమిలించింది. పచ్చి ఉసిరికాయ కొరికించింది. అన్నీ బాగున్నాయి. ఆఖరికి ఒక రోజు విరేచనాల పేషెంట్లకిచ్చే ఓఆర్‌ఎస్ పొడి నీళ్ళలో కలిపి, కొత్త షర్బతు అని ఇచ్చింది.

గ్లాసు మొత్తం తాగేశాడు. "చాలా బాగుందండీ."

"అది షర్బతు కాదు మహానుభావా. ఓఆర్‌ఎస్!"

"తెలుసండీ. నేను డాక్టర్ల కొడుకుని."

"తెలిసీ బాగుందన్నారా?"

"మీరు కలిపి ఇచ్చారు కదా," అన్నాడు.

కృప ఖాళీ గ్లాసు తీసుకుని గబగబా వంటగదిలోకి వెళ్ళి, కడిగిన గ్లాసునే మళ్ళీ మళ్ళీ కడిగింది. ఒళ్ళు మండింది. సంతోషం కూడా వేసింది. రెండూ ఒకేసారి ఎలా వస్తాయో ఆమెకి అర్థం కాలేదు.

వానాకాలం నడిచింది. శనివారం పొద్దున బస్టాండుకి వెళ్ళేటప్పుడు కృప ఒక్క గొడుగే తీసుకెళ్ళేది. ఇంట్లో గొడుగులు లేక కాదు. సాయంత్రాలు ఇద్దరూ బందరు కాలువ గట్టు మీద నడిచేవాళ్ళు. అతను మలావీలో సరస్సు గురించి చెప్పేవాడు. అవతలి ఒడ్డు కనిపించదట. తెల్లవారుజామున పడవలు తిరిగొస్తుంటే జాలర్లు పాడుకుంటూ వస్తారట. ఆ మాటలు చెప్పేటప్పుడు అతని మొహం వేరేగా ఉండేది. కృప కాలువ చూడ్డం మానేసి ఆ మొహమే చూసేది.

దసరా సెలవులు వెళ్ళిపోయాయి. అతనొచ్చింది ఆర్నెల్ల కోసం, ఆ గడువు దగ్గరపడింది. తిరిగి మలావీ వెళ్ళిపోతాడో, ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఉంటాడో సోమవారం మిషన్ ఆఫీసులో చెప్పెయ్యాలి. ఏం చెప్తున్నావని శౌరయ్య అడిగితే, "రెండూ బాగానే ఉంటాయంకుల్," అన్నాడట. ఆ మాట విని కృపకి ఆ వారమంతా సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఆ శనివారం సాయంత్రం ఆసుపత్రి వరండాలో ఇద్దరే ఉన్నారు. వాన పట్టుకుంది.

"కృపగారూ, నాకు మీరంటే చాలా ఇష్టమండీ. మీరు ఒప్పుకుంటే పెళ్ళి చేసుకోవాలని ఉంది."

ఈ మాట కోసం ఎన్ని శనివారాలు ఎదురుచూసిందో ఆమెకే తెలుసు. గుండె ఎగిరి గంతేసింది. అయినా గొంతు సవరించుకుని అడిగింది. "నేను ఒక్కదాన్నే కూతుర్ని. పెళ్ళంటూ అయితే మీరు ఇక్కడే ఉండిపోవాల్సి వస్తుంది. జీవితాంతం. ఉంటారా?"

"ఉంటానండీ," అన్నాడు బాబీ వెంటనే. "చాలా బాగుంటుంది."

కృప మొహంలో వెలుగు ఆరిపోయింది.

"గోంగూరకీ అదే మాట, కాకరకాయకీ అదే మాట, ఓఆర్‌ఎస్‌కీ అదే మాట. నాకూ అదే మాటా?"

"అది కాదండీ..."

"మరేంటి? ఆ సరస్సు గురించి చెప్పేటప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదా? అది వదిలేసి ఇక్కడ జీవితాంతం ఉండటం చాలా బాగుంటుందా? రేపు పెళ్ళయ్యాక నీకు బాధగా ఉందో, కోపంగా ఉందో నేనెలా తెలుసుకోవాలి? బ్లడ్ తీసి టెస్ట్ చెయ్యాలా?"

కోపంలో మీరు కాస్తా నువ్వయింది. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చేశాయి.

"నేనేం చెప్పాలి మరి?" అన్నాడు బాబీ చిన్నగా.

"నిజం చెప్పు. ఒక్కసారైనా ఇది నాకు నచ్చలేదు అని చెప్పు. అప్పుడు, నేను నచ్చానంటే నమ్ముతాను."

గొడుగు అతని పక్కనే వదిలేసి, వానలో తడుస్తూ ఇంటికి వెళ్ళిపోయింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక నలుగురూ భోజనానికి కూర్చున్నారు. కృప తల ఎత్తలేదు. శౌరయ్య ప్రార్థన ఆ రోజు ఆసియా మీదుగా కూడా వెళ్ళొచ్చింది. మాణిక్యమ్మ పొయ్యి మీంచి గిన్నె దించుకొచ్చి బాబీ కంచంలో ఉలవచారు పోసింది.

"రేపు ఆ ఆఫీసువాళ్ళకి ఏం చెప్తావో ఏమో. వెళ్ళేలోపు కడుపునిండా తిను బాబూ. ఎలా ఉంది?"

బాబీ నోట్లో ముద్ద మింగాడు. నీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. ఇరవై ఏడేళ్ళ జీవితంలో ఏ ఇంట్లోనూ అనని మాట నోటి దాకా వచ్చి ఆగింది.

"ఆంటీ... నాకు ఉలవచారు నచ్చదండీ."

గరిటె గాల్లో ఆగిపోయింది. శౌరయ్య నోటి దగ్గరికి తెచ్చిన ముద్ద అక్కడే నిలబడిపోయింది. కృప తల ఎత్తింది.

"ఈ రోజని కాదండీ. మొదటి రోజు నుంచీ నచ్చలేదు. తడిసిన గోనెసంచి వాసనొస్తుంది నాకు. కాకరకాయ కూడా నచ్చదు. కాఫీలో పంచదార ఎక్కువ." కట్ట తెగిన కాలువలా వచ్చేస్తున్నాయి మాటలు. అతనే ఆపలేకపోతున్నాడు. "అంకుల్, మీ ప్రార్థన మంచిదే కానీ చాలా పొడుగండీ. ప్రతిసారీ అన్నం చల్లారిపోతోంది."

టేబుల్ కింద అలవాటుగా తొడ ముడుచుకున్నాడు. అమ్మ అక్కడ లేదని గుర్తొచ్చింది.

"గోంగూర మాత్రం నిజంగా ఇష్టమండీ. ఎలుకలు కూడా నిజంగానే బాగుంటాయి." ఇప్పుడు కృప వైపు తిరిగాడు. గొంతు తగ్గింది. "నిన్న నేను అబద్ధం చెప్పాను. జీవితాంతం ఇక్కడే ఉండగలనో లేదో నాకు తెలీదు. అమ్మ గుర్తొస్తుంది. ఆ సరస్సు గుర్తొస్తుంది. రెండేళ్ళు తప్పకుండా ఉంటాను. రేపు వాళ్ళకి అదే చెప్తాను. ఆ తర్వాత ఒక్కసారైనా నిన్ను అక్కడికి తీసుకెళ్ళాలని ఉంది. నువ్వు రానంటే నాకు బాధేస్తుంది. చాలా బాధేస్తుంది. కానీ నువ్వంటే ఇష్టమన్నది మాత్రం మర్యాద కోసం అన్న మాట కాదు."

మాణిక్యమ్మ గిన్నె పట్టుకుని, విసురుగా వంటగదిలోకి వెళ్ళిపోయింది. లోపల గిన్నెలు చప్పుడయ్యాయి. బాబీ మొహం పాలిపోయింది.

మాణిక్యమ్మ తిరిగొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఈ ఇంటికి ఎంతమంది మిషనరీలు వచ్చారో లెక్కలేదు. అమెరికా వాళ్ళు, కొరియా వాళ్ళు. అందరూ నా ఉలవచారు బాగుందనే పోయారు." భర్త వైపు చూసింది. "దీనికి వంక పెట్టింది ఈయనొక్కడే. పెళ్ళైన వారానికే ఉప్పెక్కువైందన్నాడు. బయటివాళ్ళు ఎందుకంటారయ్యా అలా? ఇంట్లోవాళ్ళేగా అనేది!"

"అది నిజంగానే ఎక్కువైంది మాణిక్యం," అన్నారు శౌరయ్య.

"మీరు ఊరుకోండి. ప్రార్థన పొడుగని నేను ముప్పై ఏళ్ళ నుంచి చెబుదామనుకుంటున్నా. పిల్లాడు చెప్పేశాడు." ఆవిడ పెదాలు వణికాయి. నవ్వో ఏడుపో తెలియనివ్వలేదు. "లేవకు బాబూ. పప్పుచారు పెడతాను. నీకు నచ్చేదేదో ముందే చెప్పి చావొచ్చుగా!"

శౌరయ్య కూతురి వైపు చూశారు. "ఏమ్మా? నీ మాటేంటి?"

"మలావీలో ల్యాబ్ ఉద్యోగాలుంటాయా నాన్నా?" అంది కృప.

శౌరయ్య కంచం పక్కకి జరిపారు. తర్వాత ఎడం చేత్తో ఫోన్ తీశారు. "మీ నాన్న నంబరు కలుపు బాబీ. కంగారు పడకు, క్లుప్తంగానే మాట్లాడతాను." ఫోన్ తీసుకుని, చెయ్యి కడుక్కుని వరండాలోకి వెళ్ళారు. మాణిక్యమ్మ పప్పుచారు పోపు వంకతో వంటగదిలో ఉండిపోయింది.

టేబుల్ దగ్గర ఇద్దరే మిగిలారు. కృప కుర్చీ అతని దగ్గరికి లాక్కుంది.

"ఇప్పుడు చెప్పు. నాలో ఏం నచ్చలేదు?"

"చెప్పాలా?"

"చెప్పాలి."

"బస్టాండుకి ఎప్పుడూ లేటుగా వస్తావు," మొదలుపెట్టాడు బాబీ. "నవ్వు వస్తే చెప్పకుండా పారిపోతావు. పంతం ఎక్కువ. నిన్న గొడుగు నాకు వదిలేసి నువ్వు తడిశావు, అది అస్సలు నచ్చలేదు..."

కృప గడ్డం కింద ఎడం చెయ్యి పెట్టుకుని, నీళ్ళు నిండిన కళ్ళు తుడుచుకోవడం మర్చిపోయి, ఒక్క మాట కూడా పోనివ్వకుండా వింటోంది. తిన్న చేతులు ఎండిపోయాయి. ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు.