సాంచాలు ఆగినప్పుడు

పొద్దున్నే సాంచాలు మొదలయ్యాయంటే సిరిసిల్లలోని ఆ ఇంట్లో గొంతుతో పనే ఉండదు. ముందుగదిలో సాంచాలనే నాలుగు మరమగ్గాలు, వెనక వంటిల్లు, పక్కన చిన్న గది. ఆ మోతలో అరిచి చెప్పినా గొంతు పుండు కావడం తప్ప లాభం లేదు. అందుకే నర్మద చాయ తెచ్చి మొగుడి ఎదురుగా నిలబడి పెదవులు కదిలిస్తుంది. సిద్దిరాములు ఆ పెదవులు చూసి తల ఊపుతాడు. పెళ్లయిన నాటి నుంచీ వాళ్ల కాపురం అలాగే సాగింది.

ఆ ఆదివారం కూడా చాయ ఇచ్చింది కానీ పెదవులు కదపలేదు. ఎలా కదుపుతుంది పాపం! పక్కగదిలో కూతురు పద్మలత బట్టలు సర్దుకుంటోంది. రోజూ బస్సులో కరీంనగర్ వెళ్లి ఓ ల్యాబులో రక్తపరీక్షలు చేసే పిల్ల. సెలవునాడు బ్యాగు ఎందుకు సర్దుతోందో తల్లికి తెలుసు. తండ్రికి మాత్రం తెలియదు. ఈ రోజు ఇల్లు దాటితే, రేపు భానుప్రసాద్‌తో రిజిస్టర్ పెళ్లి. పిల్ల కన్నవాళ్లు లేని పెళ్లి.

నర్మద గదిలోకి వచ్చి, మోత తగ్గేలా తలుపు గట్టిగా మూసింది.

"ఒక్కపారి మల్ల బాపును అడుగు బిడ్డా. నీ కాళ్లు మొక్కుత."

"అడిగినకాడికి సాలు అవ్వా. గా దినం ఏం జేసిండో నీకు ఎరికే గదా! కరెంటు పోయి సాంచాలు ఆగంగనే, ఇప్పుడైతే మాట ఇనవడ్తదని దగ్గరికి పోయి చెప్పిన. నేను నోరు తెరిచిన్నో లేదో చెవి మూసుకొని గోడ దిక్కు తిరిగిండు. వద్దంటే వద్దనాలె. తిట్టాలె, కొట్టాలె. ఇంటే పాపమన్నట్టు చెవి మూసుకుంటరా?"

"ఆయన ఒక్క మాట గూడ నాతోని అనలే. నేను గూడ అడగలే. ఎట్ల అడగాలె? పిల్లగాడు మన కులపోడు గాకపాయె."

అదీ ఆ ఇంటి సంగతి. దసరా ముందు జరిగింది ఇది. అప్పటినుంచి కూతురు తండ్రి ముఖం చూడలేదు. తండ్రి కూతుర్ని పలకరించలేదు. తల్లి ఇద్దరికీ వేరువేరుగా అన్నం పెడుతూ, ఇద్దరి దగ్గరా నోరు మూసుకుని, ఎవరూ లేనప్పుడు పొయ్యి ముందు ఏడ్చింది. ఎవరైనా ఒక్కరు నోరు విప్పితే ఎంత బాగుండేది! కానీ ఆ ఇంట్లో ముగ్గురికీ మౌనమే అలవాటు.

పద్మలత బ్యాగు భుజాన వేసుకుని ముందుగదిలోకి వచ్చింది. తండ్రి వంగి తెగిన పోగు ముడివేస్తున్నాడు. ఆయన వీపు చూడగానే పిల్ల గుండె చెరువైంది. చిన్నప్పుడు ఆ వీపు మీదే నిద్రపోయేది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. నాలుగు సాంచాలూ ఒక్కసారిగా ఆగిపోయాయి. సందులో ఉన్న సాంచాలన్నీ ఆగాయి. గోడ అవతల పల్లికాయ ఒలుస్తున్న పొరుగామె గాజులు కూడా వినిపించేంత నిశ్శబ్దం.

"బాపూ," అంది పద్మలత. "నేను పోతున్న. భానుప్రసాద్‌ను చేసుకుంటున్న. నువ్వు అవునన్నా కాదన్నా ఒక్క మాట అను. ఒక్కటంటే ఒక్క మాట!"

సిద్దిరాములు కుడిచేయి పైకి లేచింది. అరచెయ్యి చెవిని మూసింది. ఆయన గోడ వైపు తిరిగిపోయాడు.

"చూసినవా అవ్వా! మల్ల అదే! కన్నబిడ్డ మాట ఇనుడు గంత పాపమా?" పద్మలత బ్యాగు నేలకేసి కొట్టింది. తండ్రి భుజం పట్టుకుని ఇటు తిప్పింది.

తిప్పి ఆగిపోయింది. ఆయన ముఖంలో కోపం లేదు. నుదుట చెమట పట్టింది. కళ్లు భయంతో ఆమె పెదవుల మీద వెతుకుతున్నాయి.

"ఆగు బిడ్డా... జర ఆగు. గీ మోత తగ్గనియ్యి."

"ఏం మోత బాపూ? కరెంటు పోయింది. సాంచాలు బందైనయి."

ఆయన ఆమె పెదవులు చదివి తల అడ్డంగా ఊపాడు.

"నా చెవిల బందు గాలే."

నర్మద గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. కాసేపటికి ఆయన చెయ్యి దించి ఊపిరి పీల్చుకున్నాడు.

"పోయింది. ఇగ ఇనవడ్తది."

"ఏంది బాపూ ఇది? ఎన్నొద్దులాయె?"

"పోయిన ఎండాకాలం నుంచి. సాంచాలు నడిచినంతసేపు ఏం గాదు. ఆగంగనే కుడిచెవిల ఈల మొదలైతది. సూదివెట్టి పొడిచినట్టు. చాయ తాగినంతసేపు ఉంటది, మల్ల తనంతట తనే పోతది. గంతసేపు మనిషి మాట ఒక్కటి గూడ తెల్వది. ఎల్లిగడ్డ నూనె పోసుకున్న, తగ్గలే."

"నాకు చెప్పకపాయినవ్!" అని నర్మద మొత్తుకుంది. "ఒక్క ఇంట్ల ఉండి నాకు చెప్పకపాయినవ్!"

"చెప్తే నువ్వు ఊకుంటవా? ఊరంత తెలుస్తది. పెండ్లీడు బిడ్డ ఇంట్ల ఉన్నది. పిల్ల బాపు చెవిటోడు, రేపు పుట్టేటోళ్లకు గూడ గదే వస్తదని వచ్చిన సంబంధం లేచిపోతది. దీని పెండ్లి అయ్యేదాక ఓర్సుకుందామనుకున్న."

పద్మలత సాంచ పక్కనే కూలబడింది.

"అయితే దసరా ముందుగాల నేను చెప్పింది... నువ్వు ఇననే లేదా?"

"ఏం చెప్పినవ్? నువ్వొచ్చి నిలబడ్డవు, నాకు ఈల లేసింది. నా మొకం చూసి గుర్తువడ్తవని అటు తిరిగిన. మల్ల చూస్తె నువ్వు లేవు. గప్పటిసంది మాట్లాడుడు బందు వెట్టినవ్. బాపు సాంచల పనోడని పిల్ల సిగ్గువడ్తుందనుకున్న. నౌకరి చేసే పిల్లాయె, నేనేమంట?"

పద్మలత ఆయన పాదాలు పట్టుకుని గట్టిగా ఏడ్చేసింది. ఇన్నాళ్లూ ఈ మనిషినా తాను రాయి అనుకున్నది! రోజూ ఎవరెవరికో పరీక్షలు చేస్తూ, సొంత తండ్రికి ఏమైందని ఒక్కసారైనా చూడలేదు. ఏడుస్తూనే భానుప్రసాద్ సంగతి మొదటినుంచి చెప్పింది. ఈసారి ఆయన చివరిదాకా విన్నాడు.

విన్నాక కూతుర్ని లేపి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"అబద్ధమెందుకు? నాకు మనసుల కష్టంగనే ఉన్నది బిడ్డా. మనోళ్లయితే బాగుండనిపిస్తది. గని వద్దనే మాట నా నోట్లకెల్లి రాలే, రాదు. నేను అనని మాటకు నువ్వు ఇల్లిడిసి పోతనంటివి గదా..." ఆయన అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "ఆ పిల్లగాని బాపు నంబరున్నదా?"

"ఇప్పుడా?"

"కరెంటు వస్తే మల్ల ఏం ఇనవడ్తది? కలుపు."

ఆదిలాబాద్‌లో ఉన్న భానుప్రసాద్ తండ్రికి ఫోను కలిసింది. పద్మలత తానే మాట్లాడబోతే ఆయన ఫోను లాక్కుని ఎడమచెవికి పెట్టుకున్నాడు.

"నమస్తె బావగారూ. నేను పద్మలత బాపును."

బావగారూ అన్న మాట వినగానే నర్మద కొంగు నోట్లో కుక్కుకుంది. అవతల ఏదో అన్నారు. సిద్దిరాములు నుదురు ముడిపడింది. కూతురి వైపు చూశాడు. ఇన్నాళ్లూ ఎవరికి తెలియకూడదని అంత బాధ దిగమింగాడో, ఆ వియ్యంకుడికే తడుముకోకుండా చెప్పేశాడు.

"జర గట్టిగ మాట్లాడుండ్రి బావగారూ. నాకు చెవి సరిగ ఇనవడది."

పద్మలత కళ్లు మూసుకుంది. మరుక్షణం అవతలి గొంతు వంటింటిదాకా వినిపించింది.

"అరె, గంతేనా! నేను పత్తి జిన్నింగు మిల్లు మోతల పనిజేసిన బావా. మెల్లగ మాట్లాడుడు నాకే రాదు!"