ఏడు లొద్దుగ చెట్లు

లావణ్యపురాన్ని ఏలిన దర్పణసేన మహారాజు ఏ యుద్ధమూ గెలవలేదు. కానీ తన ప్రజల మేనిఛాయకు ముల్లోకాలలో సాటి లేదని ముప్పైరెండు శాసనాలు చెక్కించాడు. అటువంటి రాజ్యంలో, స్వయంవరానికి నెలరోజుల ముందు, రాకుమారి మకరందమంజరి పాదాలు చెట్టు బెరడుగా మారాయి. బెరడు రోజుకింత పైకి పాకసాగింది. గొంతు చుట్టూ మూసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. ఆస్థాన వైద్యులు పదకొండుగురు ఆ వ్యాధికి పన్నెండు పేర్లు పెట్టి సెలవు తీసుకున్నారు.

కారణం అంతఃపురానికి లేపనాలు నూరే నాంచారికి మాత్రమే తెలుసు. లేపనంలో కలిపే బెరడు కోసం లొద్దుగ చెట్టుకు ఒక పక్కన అరచేయంతే వలిచి, గాయానికి మట్టి మెత్తాలని తల్లి ఆమెకు నేర్పింది. కానీ స్వయంవరానికి నూరు భరిణెల లేపనం కావాలని ఆజ్ఞ రాగానే నాంచారి తొందరపడింది. ఏడు చెట్లకు మొదలు చుట్టూ వలిచేసింది.

ఇంకొంచెం బెరడు తెచ్చి మందు నూరితే నయమవుతుందేమోనన్న వెర్రి ఆశతో, ఆమె కత్తి పట్టుకుని అడవికి బయలుదేరింది.

మొదట కొండతేనెటీగలు అడ్డగించాయి.

"మైనం కోసం పొగబెట్టి, పిల్లలతో సహా మా తేనెపట్టు పిండుకుపోయిన మహాతల్లివి నువ్వే కదూ?"

"నేనే. తప్పయిపోయింది."

"అయితే ముఖం ఇటు పెట్టు."

పెట్టింది. సౌందర్యలేపనాల నిపుణురాలు గుమ్మడికాయంత ముఖంతో ముందుకు సాగింది.

వెదురుపొదల దారిలో ముళ్ళపంది కూర్చుని ఉంది.

"ఎక్కడికే?"

"బెరడు కోసం, మామా."

"మళ్ళీనా! ఆ కత్తి ఇక్కడ పెట్టి పో."

"ఉత్త చేతులతో ఏం చెయ్యను?"

"అదే చూద్దామని! బదులుగా నా ముళ్ళు పది తీసుకో. లేపనం మాత్రం నాకొద్దు. నాకు పూయబోయినవాడు ఇంకా చెయ్యి ఊదుకుంటున్నాడు."

ఆరు చెట్లు నిలువునా ఎండిపోయాయి. ఏడవదానికి నాలుగు ఆకులు వేలాడుతున్నాయి. అందులోంచి ముసలి యక్షిణి పలికింది.

"మిగతాది కూడా పట్టుకుపోదామని వచ్చావా?"

నాంచారి తల వంచుకుంది. "అవునవ్వా. అలా అనుకునే బయల్దేరాను."

"ఆ ఆరుగురూ నా అక్కలే. ఆకులు వండిన తిండి వేళ్ళకు దిగేది ఆ బెరడులోంచేనే. దారంతా తెంపేశావు."

"మళ్ళీ దారి వెయ్యలేనా?"

"నా మొదలు దగ్గర పిలకలున్నాయి. వాటి కొసలు గాయం పైనున్న బెరడు కిందికి దూర్చి చూడు. అతుక్కుంటే నీ రాకుమారీ, నేనూ బతుకుతాం. లేకపోతే ఇద్దరం పోతాం."

నాంచారి గోళ్ళతో బెరడు లేపి పిలకలు దూర్చింది. ముళ్ళతో గుచ్చి బిగించి మట్టి మెత్తింది. పన్నెండు రోజులు వాగునీళ్ళు దోసిళ్ళతో మోసింది. పదమూడవనాడు కొమ్మన ఒక చిగురు కనిపించింది. ఆ క్షణానే, రాకుమారి మెడ దాకా పాకిన బెరడు పెళుసుబారి రాలిపోయింది.

నాంచారి తిరిగి వచ్చి నిండు సభలో జరిగింది చెప్పింది. మహారాజు శిరశ్ఛేదమన్నాడు.

"నూరు భరిణెలు కావాలన్నది నేనే, నాన్నగారూ," అంది రాకుమారి. "ముందు నా సంగతి తేల్చండి."

మహారాజు శిక్ష రద్దు చేశాడు; దానికి మాత్రం శాసనం చెక్కించలేదు.

స్వయంవరం వైభవంగా జరిగింది. వరుడూ మంచివాడే, ఈ కథకు అతడితో అంతకు మించి పని లేదు. పట్టాభిషేకమై రాణి అయిన మర్నాడు మకరందమంజరి నాంచారిని వెంటబెట్టుకుని అడవికి వెళ్ళింది. ఆరు ఎండు మోళ్ళ ముందు ఇద్దరూ చేతులు జోడించి క్షమించమని అడిగారు. చాలాసేపు అడిగారు. వినవలసినవారు అప్పటికే లేరు.