ముళ్ళు లేని పువ్వుకు గ్లవ్స్

"ముఠాను వదిలొచ్చిన కెమిస్టు పదకొండింటికి నోరు విప్పుతాడు. ఆ విదేశీ ముఠాకు అమ్ముడుపోయిన మనవాళ్ళ పేర్లన్నీ చెబుతాడు. అప్పటిదాకా బతికుండాలి," అన్నాడు చీఫ్.

"ఎవరు సార్, ఆయనా నేనా?" అన్నాడు ఏజెంట్ పదిహేడు.

"ఇద్దరూ. ఇంకో విషయం. సిగరెట్లు మానేశాక కెమిస్టు ఆలోచనలో పడితే చేతికందిన పూలకాడ కొరుకుతాడు. ఫైల్లో ఉంది."

"కెమిస్ట్రీ వచ్చు, బాటనీ రాదన్నమాట."

పదిహేడు రిటైర్ కాకముందే టైర్ అయిపోయిన మనిషి. మోకాళ్ళు ఎప్పుడో రాజీనామా ఇచ్చాయి. ఈసారి వేషం పూలు సర్దేవాడిది. మూడు వారాలుగా పూలకొట్టులో ఫూల్‌లా కాడలు కత్తిరిస్తున్నాడు. కత్తెర పిడిలో ట్రాన్స్‌మిటర్. దాని బ్యాటరీ కూడా అతనిలాగే మధ్యాహ్నానికల్లా నీరసపడేది. జేబులో రేకులు చూసిన భార్య, "ఇరవై ఆరేళ్ళలో నాకొక్క పువ్వు తెచ్చిన పాపాన పోలేదు," అని ఊరుకుంది.

పది యాభై. పదిహేడు పూలు సర్దుతున్న సమావేశం గదిలోకి పూలబుట్టతో మైనా వచ్చింది. ముఠాలో ఉంటూ మనకు పనిచేస్తోందని ఆఫీసు నమ్మిన అందగత్తె.

"నీళ్ళు మార్చారా?" పదిహేడు అడిగిన కోడ్ ప్రశ్న.

"నీళ్ళే మార్చాను, మనసు కాదు." మైనా చెప్పిన కోడ్ జవాబు.

గులాబీలను వట్టి చేతులతోనే సర్దింది. ముల్లు దిగి రక్తం చిమ్మినా లెక్కచేయలేదు. నీలం పూలగుత్తి తీసేముందు మాత్రం గ్లవ్స్ తొడుక్కుంది.

"అవేం పూలమ్మా?"

"డెల్ఫీనియం. బాగాలేవూ?"

పదిహేడుకు వస్తున్న ఆవులింత సగంలో ఆగిపోయింది. కొట్టు యజమానురాలు మొదటిరోజే చెప్పింది: "డెల్ఫీనియంకు వెనక తోక ఉంటుంది తమ్ముడూ. తోక లేకుండా నెత్తిన ముసుగుంటే అది నాభి పువ్వు. ఒకే వంశం, బుద్ధులు వేరు. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు, నిలువెల్లా విషం."

ప్రతి పువ్వుకూ ముసుగే.

అప్పటికే కెమిస్టు వచ్చి కూర్చున్నాడు. మొదటి పేరు కోసం ఆలోచనలో పడ్డాడు. చెయ్యి నీలం కాడను లాగింది. కాడ పెదవిని తాకబోతుండగా కత్తెర టక్కుమంది. కొస తెగి బల్లమీద పడింది.

"చెయ్యి కడుక్కోండి సార్. తర్వాత ఈ పెన్సిల్ కొరకండి."

పారిపోబోతూ మైనా తలుపు తీసింది. ట్రాన్స్‌మిటర్ ఆ ఒక్కసారికి పనిచేసింది కాబోలు, గుమ్మంలో ఇద్దరు గార్డులున్నారు. చేతులు కడుక్కుని వచ్చిన కెమిస్టు మొదట చెప్పిన పేరు ఆమెదే.

సాయంత్రం పదిహేడు ఇంటికి గులాబీలు పట్టుకెళ్ళాడు.

"ఏం తప్పు చేసొచ్చారు?" అంది భార్య.

"ఏమీ చేయలేదు."

ఇరవై ఆరేళ్ళుగా అతను చెప్పిన అబద్ధాలన్నీ నమ్మిన ఇల్లాలు, ఈ ఒక్క నిజాన్ని మాత్రం నమ్మలేదు.