రోకలి దించని పాట

కన్నకూతురు నలుగురిలో తండ్రి పరువు తీసింది. అది జరిగిపోయిన పని. దానికి వేరే పేరు పెట్టడానికి ఏమీ లేదు.

ఉక్కునగరంలో మహిళా దినోత్సవం నాడు, మూడొందల మంది కూర్చున్న హాల్లో సత్యశ్రీ మైకు పట్టుకుని వాళ్ళమ్మ పాడుకునే దంపుళ్ళ పాట పాడింది. అప్పలసూరి మూడో వరసలో ఉన్నాడు. మొదటి చరణం దాటేసరికి పాటలో అతని పేరు వచ్చింది.

"పగలేమొ పడకంట, రేయేమొ కొలువంట
సూరి మావ ఇంటిలో సువ్వన్న మాటే లేదంట
కుండ మీద మూతెడితే కూడుడికే ఇంటిలో
గుండె మీద మూతెట్టి కూకున్నానె మావా"

స్టీల్‌ప్లాంటు కోక్ ఓవెన్స్‌లో అతనితో ముప్పై ఏళ్ళు పనిచేసిన గురునాథరావు పక్కనే కూర్చున్నాడు. మోచేత్తో పొడిచి, "ఏటి బావా, పోయినాక కూడా నిన్ను వదల్లేదేటి మా సెల్లెమ్మ?" అన్నాడు. వెనక వరస నవ్వింది. అప్పలసూరి లేచి, కాళ్ళు తగులుతున్నా ఆగకుండా బయటికి వచ్చి బస్సెక్కాడు. పాట వెనకనుంచి గేటు దాకా వినిపించింది. ఆ రోజు నుంచి కూతురి ఫోను ఎత్తలేదు.

నెల దాటాక ఒక ఆదివారం ఆమే వచ్చింది.

అతను అప్పుడే టీ కాచుకుని కూర్చున్నాడు. అగనంపూడిలో ఆ ఇంటికి వచ్చి ఆరేళ్ళయినా కిటికీలు పగలు మూసే ఉంచుతాడు. అది షిఫ్టుల నాటి అలవాటు. నైట్ షిఫ్ట్ చేసి పొద్దున్నే వచ్చి పడుకునేవాడు. క్వార్టర్‌లో గిన్నె చప్పుడైతే లేచి కేకలేసేవాడు. భార్య నూకాలు పెళ్ళయి వచ్చిన కొత్తలో ఏ పని చేసినా పాడుతూ చేసేది. ఊళ్ళో ఆడవాళ్ళంతా అంతే. ఒక రోజు పొద్దున్న చోళ్ళు, అంటే రాగులు, దంచుతూ పాడుతుంటే నిద్రలోంచి వచ్చి రోకలి లాక్కుని కింద పెరట్లోకి విసిరేశాడు. ఆ తర్వాత అతనికి ఆమె పాట వినపడలేదు. మానేసిందనే అనుకున్నాడు. కొలిమి ముందు ఎనిమిది గంటలు నిలబడి వచ్చినవాడికి నిద్ర కావాలి. అందులో తప్పేముందో అతనికి ఇప్పటికీ తెలియదు.

సత్యశ్రీ ఆనందపురంలో టీచరు. రెండు బస్సులు మారి వచ్చింది. చోడి పిండి డబ్బా గట్టు మీద పెట్టి, అంబలికి ఎసరు పెట్టింది. అది మరిగే లోపల వచ్చిన పని చెప్పింది. రేడియో వాళ్ళు ఆ పాట అడిగారట. బుధవారం రికార్డింగు. అడక్కుండా పాడటం మొదటిసారి తప్పయింది కాబట్టి ఈసారి అడగడానికి వచ్చిందట.

"అంటే ఈపాలి ఊరంతా ఇనాలి," అన్నాడు అప్పలసూరి.

"అమ్మ పాట వినాలి నాన్నా. నీ గురించి కాదు."

"నా పేరెట్టి, నా గురించి కాదంటావేటి?"

"మనూళ్ళో దంపుళ్ళ దగ్గర ఎవరి మొగుడి పేరు వాళ్ళే కలుపుకుంటారు. నాయనమ్మ తాతని ఎన్ని తిట్టిందో నీకు తెలీదా? రోకలి పట్టుకున్నప్పుడు పేరెత్తినా తిట్టినా పట్టింపు లేదు. ఆ మాటలు చెప్పుకోడానికి వాళ్ళకి ఇంకెక్కడా చోటు లేదు."

"మీయమ్మ నన్నొక్క మాటనలేదు. ముప్పైనాలుగేళ్ళు."

"అనలేదు. పగలు షిఫ్టున్నప్పుడు నువ్వు ఆరింటి బస్సెక్కాక పాడుకునేది. నేను పక్కన కూర్చుని నేర్చుకున్నాను. నువ్వు ఇంట్లో ఉంటే మా ఇద్దరికీ నోరుండేది కాదు."

అప్పలసూరి గ్లాసు కింద పెట్టాడు. నూకాలు అతని పేరు ఎన్నడూ పలకలేదు. ఓటరు లిస్టువాడు వచ్చి భర్త పేరు అడిగితే కూతురి వైపు చూసేది. ఆస్పత్రిలో చీటీ రాసేటప్పుడూ అంతే. పేరు పలికితే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందని ఆమె నమ్మకం. అలాంటి మనిషి వెనకాల పేరు పెట్టి పాడుకుందంటే అతను తట్టుకోలేకపోయాడు.

లేచి వచ్చి కూతురి చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి తన నెత్తి మీద పెట్టుకున్నాడు.

"ఒట్టెయ్యి. ఆ పాట ఇంక నీ నోట రాకూడదు. నా మీదొట్టు."

"వద్దు నాన్నా. ఏదైనా చెప్పు, ఇది వద్దు."

"ఎయ్యకపోతే ఈ గుమ్మం తొక్కకు."

అంబలి పొంగి పొయ్యి మీద పడింది. ఎవరూ కదల్లేదు. సత్యశ్రీ, "ఆ పాట నా నోట రాదు. నీ మీదొట్టు," అంది. చెయ్యి తీసుకుని వెళ్ళి పొయ్యి తుడిచింది.

అప్పుడే జయమణి వచ్చింది. చర్చి నుంచి వస్తూ గేటు దగ్గర చెప్పులు చూసి, సత్య వచ్చిందని లోపలికి వచ్చింది. క్వార్టర్లలో ఉండగా ఇరవై ఏళ్ళు వాళ్ళ కింద ఇంట్లో కాపురం. ఇప్పుడు పక్క వీధి. పిల్ల ముఖం చూసి ఏమైందని అడిగింది. సత్యశ్రీ చెప్పలేదు. అప్పలసూరే చెప్పాడు, గెలిచినవాడిలాగ.

జయమణి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నువ్వా రోజు మజ్జిలో లేసిపోనావు కదా అన్నయ్యా. ఆఖరి సరణం ఇన్నావేటి?"

వినలేదన్నాడు. వినాల్సిన అవసరం లేదన్నాడు.

"తిట్టి ఒగ్గేస్తే రోకలి దించకూడదంట మీ ఊళ్ళో. మీ ఆవిడే సెప్పింది. ఎంత తిట్టినా ఆఖర్న మొగుణ్ణి ఇంటికి పిలిసి, కూడెట్టి, అప్పుడే దించాలంట. దించకపోతే ఆ పిండి వొండకూడదంట. మజ్జాన్నం నీ బస్సొచ్చే ఏళకి ఆ సరణం ఎత్తుకునేది. ఎత్తుకుని తనే నవ్వేది, కళ్ళు తుడుసుకునేది. నాను కిందనుంచి అరిసేదాన్ని, సూరన్నయ్య వచ్చేత్తన్నాడు, ఆపమ్మా అని."

"ఏటుంటాది అందులో?"

"నాకు మాటలు రావు. మాయి కీర్తనలు కదా. నీ పేరు మాత్తరం మూడుసార్లొస్తాది. ఎంత ముద్దుగా అనేదనుకున్నావు."

అప్పలసూరికి ఆస్పత్రి గుర్తొచ్చింది. ఆస్పత్రిలో ఆఖరి రెండు రోజులు నూకాలు పెదవులు కదిపింది. దాహమనుకున్నాడు. చెంచాతో నీళ్ళు పోశాడు. మింగలేక కక్కితే నర్సు వద్దంది. అయినా పెదవులు ఆగలేదు. వంగి వినాలని అప్పుడు తోచలేదు.

జయమణి వెళ్ళిపోయింది. సత్యశ్రీ గిన్నెలో అంబలి పోసి, పచ్చి ఉల్లిపాయ పక్కన పెట్టి తెచ్చింది. అతను ముట్టుకోలేదు.

"సత్యా. ఆ ఆఖరిదొక్కటి పాడమ్మా."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఒట్టు తీసేస్తన్నాను. నానేయించిందే కదా."

"నువ్వు తీస్తే పోదు. వేసింది నేను. నీ తల మీద వేశాను."

"పాడకు. ఊరికే సెప్పు. మాటలు సెప్పు సాలు."

"నోట రాదన్నాను నాన్నా. పాడినా చెప్పినా ఒకటే."

"పోతే నాను పోతాను. అరవయ్యారేళ్ళొచ్చాయి. ఇంకెందుకు నాకు?"

సత్యశ్రీ అతని ఎదురుగా నేల మీద కూర్చుంది. అంతసేపు ఆపుకున్నది అప్పుడు ఆగలేదు. "అమ్మ నీ పేరెందుకు ఎత్తేది కాదో నీకు తెలుసు కదా. అదే నమ్మకం నాకూ ఉంది. అబద్ధమైతే అవనీ. నీతో పందెం కట్టలేను. అమ్మ పోయింది. నువ్వు కూడా పోతే నన్ను ఇంటికి పిలిచేవాళ్ళెవరు?"

అతను కూతురి నెత్తి మీద చెయ్యి పెట్టాడు. ఆమె పెళ్ళి నాడు పెట్టినవాడు మళ్ళీ అప్పుడే పెట్టాడు. ఇద్దరూ ఏడ్చారు. ఏడ్చినందువల్ల ఒరిగిందేమీ లేదు. ఒట్టు ఒట్టుగానే ఉంది.

కాసేపటికి అంబలి తాగాడు. చల్లారిపోయింది. ఆమె రేడియో వాళ్ళకి ఫోన్ చేసి గొంతు బాగాలేదని చెప్పింది. వాళ్ళు ఇంకొకరిని చూసుకుంటామన్నారు.

సాయంత్రం బస్టాపు దాకా వెళ్ళాడు. ఇకమీదట ప్రతి ఆదివారం వస్తానంది. రమ్మన్నాడు. బస్సు కనిపించాక ఆమె అతని చెయ్యి పట్టుకుని, "నాన్నా, ఆ పాటలో..." అని ఆగింది. ఏం చెప్పబోయిందో ఆమెకే తెలియాలి.

"ఆ పాట సంగతి ఇంక ఎత్తకు," అన్నాడు. "నానూ ఎత్తను."

ఇంటికొచ్చి కిటికీలు తెరిచాడు. వీధిలో ఎవరి ఇంట్లోనో కుక్కరు కూసింది. ఆ తర్వాత జయమణి రెండుసార్లు ఆ మాట తెచ్చింది. రెండుసార్లూ లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు హాల్లో ఆఖరి చరణం విన్నవాళ్ళున్నా, ఇప్పటిదాకా ఎవరి దగ్గరా ఆ పాట గురించి నోరు విప్పలేదు. ఇక విప్పడు.