వెళ్ళొస్తానన్న దెయ్యం

వెంకటరత్నమ్మ గారు ఇంత పని చేస్తారని నాగదుర్గ కలలో కూడా అనుకోలేదు. ముప్పై రెండు ప్రేమ నవలలు రాసిన ఆవిడ, ముప్పై మూడోది దెయ్యం నవల రాశారు. అట్ట మీద అభిమాన రచయిత్రి పేరు చూసి కొనేసిందే గానీ, లోపలేముందో చూసుకోలేదు.

పోనీ ఆ దెయ్యం జుట్టు విరబోసుకుని అరిచినా బాగుండేది. మహా మర్యాదస్తురాలు. గుమ్మం దాకా వచ్చి, కుశలమడిగి, "వెళ్ళొస్తానమ్మా" అని మరీ వెళ్తుంది. అన్నట్టే మళ్ళీ వస్తుంది. వచ్చినప్పుడల్లా ఆ ఇంట్లో ఒకరు తెల్లారి లేవరు.

బుధవారం సాయంత్రం గుణదలలో తన ఇంటికి దగ్గర్లోనే, తను పనిచేసే కొరియర్ ఆఫీసు కౌంటర్లో కూర్చుని నాగదుర్గ నూట పదో పేజీలో ఉంది. బయట వాన. కరెంటు పోయింది. సెల్‌ఫోన్ వెలుగులో చదువుతుంటే చేతులు చల్లబడుతున్నాయి, అయినా ఆపబుద్ధి కావడం లేదు.

"ఏవండీ," అన్నారెవరో.

ఆమెకు గుండె ఆగినంత పనైంది. చూస్తే రాంబాబు. వన్ టౌన్‌లో చీరల హోల్‌సేల్ కొట్టు వాళ్ళబ్బాయి. అక్కడ వీధికో కొరియర్ ఆఫీసు ఉన్నా, ఎనిమిది నెలలుగా పార్సిళ్ళు గుణదల దాకా మోసుకొస్తున్నాడు. ఎందుకో ఆమెకు తెలుసు. తెలుసని అతనికే తెలియదు.

"ఆదివారం హనుమాన్ జంక్షన్‌లో పెళ్ళిచూపులంటున్నారండి నాన్నగారు," అన్నాడు రసీదు నలుపుతూ. "మీరొక్క మాటంటే మానేస్తాను. ఆలోచించుకోండి. వెళ్ళొస్తానండి."

ఆ చీకట్లో ఆ మాట వినగానే ఆమెకు ఒళ్ళు జలదరించింది.

"వద్దు, మళ్ళీ రావద్దు," అంది.

అతని మొహం పాలిపోయింది. గొడుగైనా తెరవకుండా వానలోకి నడిచాడు. తానేమందో ఆమెకు అర్థమయ్యేసరికి అతని బండి మలుపు తిరిగిపోయింది.

గురువారం రాలేదు. శుక్రవారం రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆమె దెయ్యం సంగతే మర్చిపోయింది. అతను ఇంక రాడేమోనన్న భయంతో అన్నం సహించలేదు.

శనివారం సెలవు పెట్టి, ఆటో ఎక్కి వన్ టౌన్ వెళ్ళింది. కొట్లో రాంబాబు చీరలు మడతపెడుతున్నాడు. గల్లా దగ్గర వాళ్ళ నాన్న సంజీవరావు. ఆమె తిన్నగా రాంబాబు దగ్గరికి వెళ్ళింది.

"ఆ రోజు రావద్దన్నది మిమ్మల్ని కాదండి. దెయ్యాన్ని."

"దెయ్యమా?"

"నేను చదివే నవల్లో ఉందండి. అచ్చం మీలాగే, వెళ్ళొస్తానని చెప్పి వెళ్తుంది."

రాంబాబుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మూడు రోజుల్నించి నేను మనిషిలా లేనండి," అన్నాడు.

"నేనూ అంతే. రేపు జంక్షన్ వెళ్ళకండి, నాకు భయంగా ఉంది. మీరంటే నాకిష్టం."

అనేశాక గానీ కొట్టంతా వింటోందని ఆమె గమనించలేదు.

సంజీవరావు కళ్ళజోడు సవరించుకుని, పార్సిళ్ళు గుణదల దాకా ఎందుకు వెళ్తున్నాయో ఇప్పుడర్థమైనట్టు ఆమెను ఓసారి, కొడుకును ఓసారి చూసి ఫోన్ తీశాడు.

"ఏమనుకోకండి, రేపు మేం రాలేమండి. గుణదల్లో పని పడింది," అని పెట్టేసి ఆమె వైపు తిరిగాడు. "మీ నాన్నగారు ఎన్నింటికి ఇంట్లో ఉంటారమ్మా?"