ఎవరూ చెరపని గడి

"నేను చెరపలేదండీ," అంది నర్సు గుమ్మంలోనే నిలబడి. లోపలికి రమ్మంటే వచ్చింది గానీ కూర్చోలేదు. చేతిసంచి పట్టీని మెలిపెడుతూ అదే మాట మళ్ళీ అంది.

మేడమీద రెండు గదుల ఆఫీసు అది. డిటెక్టివ్ అరవై దాటిన మనిషి. ఎదుటివాళ్ళను గుచ్చి గుచ్చి చూస్తుందని అందరూ ఆమెకు భూతద్దం అని పేరు పెట్టారు. సహాయకుడు ఆమె మేనల్లుడే. ప్రోగ్రామర్ ఉద్యోగం మీద విసుగెత్తి అత్తయ్య దగ్గర చేరాడు. కంప్యూటర్ల పీడ విరగడైందని సంబరపడుతున్నవాణ్ణి ఈ కేసు మళ్ళీ వాటి ముందుకే ఈడ్చుకుపోయింది.

నర్సు చెప్పిన సంగతి ఇది. ఒక డ్రాయింగ్ టీచరుకు ఒక రకం యాంటీబయాటిక్ పడదు. ఆమె మొదటిసారి ఆసుపత్రిలో చేరినప్పుడు నర్సు ఆ విషయం అడిగి తెలుసుకుని, కంప్యూటర్లో 'పడని మందులు' అన్న గడిలో ఎక్కించింది. ఈసారి టీచరు జ్వరంతో ఒళ్ళు తెలియని స్థితిలో వచ్చింది. డ్యూటీ డాక్టరు తెర చూస్తే ఆ గడి ఖాళీగా ఉంది. అదే మందు ఎక్కించాడు. టీచరు చావుతప్పి బయటపడింది.

"నేనసలు ఎక్కించనే లేదని ఒకరు, ఎక్కించి చెరిపేశానని ఇంకొకరు. రేపే విచారణ. లైసెన్సు పోతే ఇంకెక్కడా నన్ను నర్సుగా తీసుకోరు. ఎవరిని కదిలించినా సిస్టమ్ అబద్ధం చెప్పదమ్మా అంటారు. గోడకి చెప్పుకున్నట్టుందండీ!"

"మీరు ఎక్కించినట్టు ఎవరికైనా తెలుసా?"

"అప్పటి డాక్టరుగారు అది చూసే మందు మార్చారు. ఇప్పుడు అడిగితే గుర్తులేదంటున్నారు."

ఆ మాటకు మేనల్లుడికి ఒళ్ళు మండింది. డిటెక్టివ్ మాత్రం చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

ఆసుపత్రిలో ప్రతి గదివాడూ పక్క గది చూపించాడు. పాస్‌వర్డు ఇవ్వాల్సిన మనిషి భోజనానికి వెళ్ళి ఎంతకీ తిరిగి రాలేదు. చివరికి మార్పుల చరిత్ర తెరుచుకుంది. ఏం మార్చారో అందులో లేదు, ఎవరు ఎప్పుడు మార్చారన్నదే ఉంది. టీచరు వివరాలను చివరగా మార్చింది నర్సు కాదు, రిసెప్షన్ గుమాస్తా.

"ఫోన్ నంబరు మారిందంటే మార్చానండీ," అన్నాడు గుమాస్తా కంగారుగా. "నా తెరలో పేరు, అడ్రసు, ఫోను తప్ప ఇంకేమీ కనబడవు. కనబడనిదాన్ని నేనెలా చెరుపుతాను?"

"మొదటినుంచీ అంతేనా?"

"లేదండీ, ఇదివరకు అన్నీ ఉండేవి. తెరుచుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. ఈమధ్య మా కంప్యూటర్ ఇంజినీరుగారు మార్చారు. ఇప్పుడు నొక్కీ నొక్కకముందే వచ్చేస్తోంది. జనం తిట్లు తప్పాయి."

ఇంజినీరు నవ్వుతూ ఎదురొచ్చాడు. తనూ ఆ ఆసుపత్రిలో చూపించుకున్నవాడే కాబట్టి, గుమాస్తా తెరమీద తన సొంత ఫోన్ నంబరే మార్చి సేవ్ కొట్టాడు. అతని 'పడని మందులు' గడి చెక్కుచెదరలేదు.

"చూశారుగా. మనుషులు చేసిన తప్పులు సిస్టమ్ మీదికి నెట్టకండి."

మేనల్లుడు నీరుగారిపోయాడు. "సిస్టమ్ బాగానే ఉంది అత్తయ్యా. నర్సే ఏదో..."

"ఒరేయ్, నీక్కూడా ఆ అమ్మాయే దొరికిందా?" అంది డిటెక్టివ్ చిరాగ్గా. "టీచరు వివరాల్లో ఇంకేమేం ఖాళీగా ఉన్నాయో చూడు."

చూశాడు. రక్తం గ్రూపు లేదు. పుట్టిన తేదీ కూడా లేదు.

"మందు పేరు మాయం చేయాలనుకున్న మనిషికి పుట్టిన తేదీతో పనేముంది? ఇలా ఖాళీ అయినవాళ్ళు ఇంకా ఉన్నారేమో వెతుకు. ఎవరి వివరాలు ఎప్పుడు మారాయో కూడా తియ్యి."

అతను పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాడు. వెతగ్గా వెతగ్గా ఒకచోట అతని చెయ్యి ఆగిపోయింది. తను ఇంతసేపూ నర్సును అనుమానించినందుకు సిగ్గుపడ్డాడు.

సాయంత్రం సూపరింటెండెంటు గదిలో అందరూ చేరారు. నర్సు తలుపు దగ్గరే నిలబడింది.

"డేటాబేస్‌లో రోగి అంటే ఒక వరుస," అని మొదలుపెట్టింది డిటెక్టివ్, మేనల్లుడు విడమరిచి చెప్పినట్టే. "ప్రోగ్రామ్‌కి వరుస పనికిరాదు, ఆబ్జెక్ట్ కావాలి. మధ్యలో ఓఆర్ఎమ్ అని ఒకటుంది. అది వరుసలోని వివరాలు తెచ్చి ఆబ్జెక్టులో నింపుతుంది. సేవ్ కొడితే ఆబ్జెక్టులో ఉన్నదంతా తిరిగి వరుసలో రాస్తుంది. అంతేనా ఇంజినీరుగారూ?"

అతను తలూపాడు.

"తెర త్వరగా రావాలని మీరు మూడు వివరాలే తెమ్మన్నారు. ఆబ్జెక్టుకు గడులు మాత్రం అన్నీ ఉన్నాయి. తేనివాటిని అది ఖాళీగా వదిలేసింది. మేం అడగలేదు అన్నదానికీ, అసలు లేదు అన్నదానికీ దానికి తేడా తెలియలేదు. గుమాస్తా ఫోను మార్చి సేవ్ కొడితే, కొత్త నంబరుతోపాటు ఆ ఖాళీలు కూడా వరుసలోకి ఎక్కాయి. తెర మారాక ఫోన్ మార్చుకున్న ప్రతివాళ్ళకీ ఇదే జరిగింది. మార్చుకోనివాళ్ళకి ఏమీ కాలేదు."

"నా నంబరు మార్చి చూపించాను కదా!" అన్నాడు ఇంజినీరు.

"చూపించారు. టీచరుకు మందు వికటించిన మర్నాటినుంచి ఎవరి గడీ ఖాళీ కాలేదు. ఇలాంటిది దానంతటది నయం కాదు, ఎవరో చెయ్యి పెట్టాలి."

"అందుకే వెంటనే సరిచేశాను..." అనేసి ఇంజినీరు నాలుక్కరుచుకున్నాడు.

డిటెక్టివ్ గొంతు మొదటిసారి హెచ్చింది. "పొరపాటు ఎవరైనా చేస్తారు. మీరు దాన్ని గుట్టుగా సర్దేసి, నింద ఈ అమ్మాయి మీద పడుతుంటే నవ్వుతూ చూశారు. మీ నేరం అదీ!"

సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నాడు. "విచారణ మీమీద ఉండదమ్మా. అతని సంగతి మేం చూసుకుంటాం. మీరు రేపటినుంచి డ్యూటీకి రావచ్చు."

క్షమించమని మాత్రం ఎవరూ అనలేదు. నర్సు కళ్ళు ఎర్రబడ్డాయి.

"రేపేమిటండీ? ఖాళీ అయినవాళ్ళంతా ఇళ్ళల్లో ఉన్నారు. వాళ్ళలో ఎవరికి ఏం పడదో ఇప్పుడు మీకు తెలియదు."

"పాత కాపీలోంచి తెస్తాం," అని గొణిగాడు ఇంజినీరు. "కొంచెం టైము పడుతుంది."

"ఈలోగా ఎవరైనా ఒళ్ళు తెలియకుండా వస్తే?"

నర్సు ఇంజినీరును దాటుకుని వచ్చి, సూపరింటెండెంటు బల్లమీది ఫోను తనవైపు లాక్కుంది.

మేనల్లుడు ల్యాప్‌టాప్ తెరిచి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆ వరుసల్లో ఎన్ని గడులు పోయినా, ఫోన్ నంబర్లు మాత్రం అన్నీ కొత్తవే, సరైనవే. అతను మొదటిది చదివాడు.

అవతల ఎవరో ఎత్తారు.

"ఆసుపత్రినుంచి నర్సుని మాట్లాడుతున్నానండీ. మీకు ఏ మందైనా పడదా?"